సేఫ్టీ కమిటీలో మేనేజరు చేయవలసినది, చేయకూడనిది

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్ను సియాటిల్ స్టోరుకు అసిస్టెంట్ మేనేజరుగా వేశారని మీ అమ్మ చెప్పినప్పుడు చాలా సంతోషించాను. ఉద్యోగుల సేఫ్టీ కమిటీ బాధ్యత కూడా నీకే అప్పగించారనీ, దాన్ని ఎలా నడపాలో రాయమనీ అడిగావు. ఇక్కడి కిరాణా స్టోర్లలో క్యాషియరుగా చేరి మేనేజరుగా రిటైరైన దాన్ని కనుక మొహమాటం లేకుండా చెబుతున్నాను: ఆ కమిటీని నువ్వు నడపకూడదు. అది నడవడానికి కావలసిన సమయం, డబ్బు, అడిగినదానికి జవాబు ఇవ్వడం వరకే నీ పని. ఎవరు కూర్చోవాలి, ఏం మాట్లాడాలి, ఏ మాట మినిట్స్‌లోకి, అంటే సమావేశంలో జరిగినది రాసిపెట్టే కాగితంలోకి ఎక్కాలి అన్నవి ఉద్యోగులు తేల్చుకోవలసిన సంగతులు.

ముందు రాష్ట్ర నిబంధన చూడు. వాషింగ్టన్ రాష్ట్రంలో ఒకే చోట ఒకే షిఫ్టులో 11 మంది, లేదా అంతకు మించి పనిచేస్తుంటే సేఫ్టీ కమిటీ తప్పనిసరి. అందులో ఉద్యోగులు ఎన్నుకున్న సభ్యుల సంఖ్య యాజమాన్యం నియమించిన సభ్యుల సంఖ్యకు సమానంగానైనా ఉండాలి, లేదా ఎక్కువగా ఉండాలి. ఎన్నికైన వారి పదవీకాలం ఏడాదికి మించకూడదు, అధ్యక్షుణ్ణి కమిటీయే ఎన్నుకోవాలి, సమావేశం గంటకు మించి సాగాలంటే మెజారిటీ ఒప్పుకోవాలి, మినిట్స్ ఏడాదిపాటు భద్రపరచాలి. తనిఖీకి వచ్చినప్పుడు అందరూ ఎల్ అండ్ ఐ అని పిలిచే రాష్ట్ర కార్మిక శాఖవాళ్లు అడిగేది ఆ మినిట్సే. ఇవన్నీ కాగితం మీద సరిగ్గా ఉండి కూడా కమిటీ పూర్తిగా మేనేజరు చేతిలోనే ఉన్న స్టోర్లు నేను చూశాను కనుక, నిబంధనలు పాటించామన్న తృప్తితో ఆగవద్దని చెబుతున్నాను.

నేను క్యాషియరుగా ఉన్న ఒక స్టోరులో జరిగినది చెబుతాను. వెనకవైపు ఉన్న వాకిన్ ఫ్రీజరు, అంటే మనిషి లోపలికి నడిచి వెళ్లేంత పెద్ద ఫ్రీజరు, తలుపు చుట్టూ ఉండే రబ్బరు ఒక మూల చిరిగిపోయింది. ఆ సందులోంచి లోపలికి వెళ్లే తేమ గడప దగ్గర నేల మీద పలుచని మంచుపొరగా పేరుకునేది. రాత్రి షిఫ్టులో సరుకు సర్దే కుర్రవాడొకడు బరువైన సరుకును ఎత్తి లాగే ప్యాలెట్ జాక్ అనే బండిని లాగుతూ అక్కడ రెండుసార్లు జారాడు. కమిటీలో ఆ మాట ఎత్తగానే, బల్ల చివర కూర్చున్న స్టోర్ మేనేజరు "మొన్ననే రిపేరువాళ్లకు ఫోన్ చేశాను, అది అయిపోయినట్టే" అన్నారు. ఆయన అబద్ధం చెప్పలేదు, నిజంగానే ఫోన్ చేశారు. కానీ మినిట్స్ రాస్తున్న అమ్మాయి ఆ మాట వినగానే కలం ఆపేసింది. రాయనిదాన్ని మరుసటి నెల ఎవరూ అడగలేదు, ఆ రబ్బరు మాత్రం చాలాకాలం అలాగే ఉంది. మేనేజరు మంచివాడైనా సరే, బల్ల దగ్గర అతని నోటి నుంచి వచ్చే "అయిపోయింది" అన్న మాట చర్చను అక్కడికక్కడే ముగించేస్తుంది. అందుకే నిన్ను ఏదైనా అడిగితే అక్కడ నోటితో జవాబివ్వవద్దు. అడిగినది ముందు మినిట్స్‌లోకి ఎక్కనివ్వు, తరువాత ఏ పని ఎవరు, ఏ తేదీలోగా చేస్తారో రాసి, టైమ్ క్లాక్ పక్కన బోర్డు మీద అంటించు. చేయలేని పని అయితే ఎందుకు చేయలేమో కూడా అక్కడే రాయి.

ఇక ఫెడరల్ చట్టం సంగతి కొంచెం శ్రద్ధగా చదువు, ఎందుకంటే మంచి ఉద్దేశంతో ఉన్న మేనేజర్లు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే. 1935 నాటి జాతీయ కార్మిక సంబంధాల చట్టం వచ్చేనాటికి, ఎన్నో పరిశ్రమల్లో యజమానులు తామే కార్మిక సంఘాలను పెట్టి, తామే నడిపి, నిజమైన సంఘం అవసరం లేదని చూపించేవారు. ఆ పద్ధతిని ఆపడానికి, కార్మిక సంఘాన్ని యజమాని తన అదుపులో పెట్టుకోవడం, దాని ఏర్పాటులోనో నిర్వహణలోనో జోక్యం చేసుకోవడం తప్పని చట్టం చెప్పింది. కార్మిక సంఘం అన్న మాటకు అది ఇచ్చిన నిర్వచనం చాలా విశాలమైనది. జీతాలు, పనివేళలు, పని పరిస్థితులు, ఫిర్యాదుల గురించి యాజమాన్యంతో వ్యవహరించే ఉద్యోగుల కమిటీ ఏదైనా, దానికి పేరు, చందా, నియమావళి లేకపోయినా, ఆ నిర్వచనంలోకి రావచ్చు. ఇండియానాలోని ఎలక్ట్రోమేషన్ అనే కంపెనీ 1989లో హాజరు బోనస్, పొగతాగే నియమాల వంటి విషయాల మీద యాక్షన్ కమిటీలు పెట్టి, వాటి విషయాలనూ పరిధినీ తానే నిర్ణయించింది. అది చట్టవిరుద్ధమని, ఈ చట్టాన్ని అమలు చేసే జాతీయ కార్మిక సంబంధాల బోర్డు 1992లో తీర్పు చెప్పింది, 1994లో అప్పీలు కోర్టు దాన్ని సమర్థించింది. బోర్డు తీర్పు వచ్చిన మరుసటి ఏడాది, 1993లో, డ్యూపాంట్ కంపెనీ కేసులో బోర్డు సేఫ్టీ కమిటీలనే తప్పుపట్టింది. అక్కడ నిర్ణయాలు ఏకాభిప్రాయంతో తీసుకునేవారు. వినడానికి అది ఎంతో న్యాయంగా ఉంటుంది, కానీ బల్ల దగ్గర యాజమాన్యం మనిషి ఉన్నప్పుడు ఏకాభిప్రాయం అంటే అతను కాదన్నది ఏదీ జరగదని అర్థం. యాజమాన్యం ప్రతినిధులు ఓటు లేకుండా పరిశీలకులుగా ఉంటేనో, లేక వాళ్లు తక్కువమందిగా ఉండి మెజారిటీ ఓటుతో కమిటీ తనంతట తానే నిర్ణయం తీసుకోగలిగితేనో సంగతి వేరని బోర్డు అదే తీర్పులో చెప్పింది. రాష్ట్రం కమిటీ పెట్టమన్నది కదా అని ఫెడరల్ చట్టం పక్కకు తప్పుకుంటుందని అనుకోవద్దు.

అందువల్ల నీ స్టోరులో కమిటీకి నిజంగా నిర్ణయించే అధికారం కొంత ఇప్పించమని నా గట్టి సలహా. త్రైమాసికానికి ఇంత అని ఒక మొత్తం కేటాయించి, కూరగాయలు, పండ్లు ఉండే ప్రొడ్యూస్ విభాగంలో తడి నేల మీద వేసే మ్యాట్లు, కోతకు తట్టుకునే గ్లవ్స్, భద్రమైన బాక్స్ కట్టర్లు, నిచ్చెనల వంటివి నిన్ను అడగకుండా కొనుక్కునే వీలు కల్పించు. పాడైన ప్యాలెట్ జాక్‌కు ఎర్ర ట్యాగు కట్టి పక్కన పెట్టే హక్కు ప్రతి సభ్యుడికీ ఉండాలి, ఆ ట్యాగును సూపర్‌వైజరు తన ఇష్టానికి తీసేయకూడదు. డబ్బు చిన్నదే, కానీ తమ మాటతో ఒక వస్తువు కొన్నారని చూసినప్పుడు మనుషులు మాట్లాడడం మొదలుపెడతారు.

ఎన్నిక విషయంలో ఎవరినీ "నువ్వు నిలబడు" అని పురమాయించకు. నీకు నచ్చిన చురుకైన పిల్లలే నిలబడితే మిగతావాళ్లు దాన్ని నీ కమిటీ అంటారు. నోటీసు అంటించి, చీటీలు వేయించి, లెక్కపెట్టే పని వాళ్లకే వదిలేయి. సమావేశం మధ్యాహ్నం రెండింటికి పెడితే రాత్రి సరుకు సర్దేవాళ్లు నిద్రపోతుంటారు, తెల్లవారుజామున బేకరీలో పని మొదలుపెట్టినవాళ్లు అప్పటికే ఇంటికి వెళ్లిపోయి ఉంటారు, కనుక వేళ కూడా కమిటీయే నిర్ణయించుకోవాలి. ఎప్పుడు పెట్టినా ఆ గంట పని గంటే, జీతం పడాలి.

మన తెలుగువాళ్లు కూడా నీ దగ్గర కొందరు పనిచేస్తున్నారన్నావు, కనుక ఇంకొక మాట. వాళ్లు నిన్ను అక్కా అంటారు, పెద్దవాళ్ల ముందు ఎదురు చెప్పకూడదన్న అలవాటుతో నీ మాటకు తల ఊపుతారు. ఆ ఊపును ఒప్పుకోలుగా తీసుకోవద్దు. సమావేశానికి ముందు వాళ్లను పక్కకు పిలిచి తెలుగులో నచ్చజెప్పడం అసలే వద్దు. ప్రేమతో చేసినా అది తోటి ఉద్యోగులకు కూడబలుక్కోవడంలా కనిపిస్తుంది, ఆ అనుమానాన్ని మోయవలసింది ఆ పిల్లలే.

ఒక రోజు తప్పకుండా ఎవరో ఒకరు, రాత్రి స్టోరు మూసి తెల్లవారుజామున మళ్లీ తెరవడానికి రావలసి వస్తోందని, నిద్ర చాలక స్లైసరు దగ్గర చేతులు వణుకుతున్నాయని అంటారు. మాంసం కోసే యంత్రం దగ్గర అది నిజంగా భద్రత సమస్యే. నీ మనసు కరిగి, అక్కడికక్కడే "షెడ్యూలు మారుస్తాను, మీరు ఇలా ఒప్పుకోండి" అనాలనిపిస్తుంది. అలా అంటే కమిటీ బల్ల మీద పనివేళల బేరం మొదలైనట్టే. సియాటిల్‌లో 2017 నుంచి అమలులో ఉన్న షెడ్యూలింగ్ చట్టం కింద, నీ కంపెనీ అంత పెద్ద సంస్థలో ఉద్యోగి అడిగితేనో ఒప్పుకుంటేనో తప్ప రెండు షిఫ్టుల మధ్య 10 గంటల విరామం ఉండాలి. దాన్ని పాటించడం ఎవరూ అడగకుండానే జరగవలసిన పని. షెడ్యూలు రాసేవారితో ఆ రోజే మాట్లాడి సరిచేయించు, కమిటీలో దానికి బదులుగా ఏమీ అడగవద్దు.

యూనియన్ మాట వినిపించినా కంగారుపడవద్దు. యుఎఫ్‌సీడబ్ల్యూ లోకల్ 3000 ఈ ప్రాంతపు కిరాణా ఉద్యోగుల సంఘం, మీ స్టోరువాళ్లు అందులో చేరాలో వద్దో తేల్చుకునే హక్కు వాళ్లదే. మనకు కమిటీ ఉండగా యూనియన్ ఎందుకని నువ్వు ఒక్కసారి అన్నావంటే, అప్పటివరకూ కష్టపడి నిలబెట్టిన కమిటీ మీద నమ్మకం ఆ పూటతో పోతుంది. పైగా నీ నోటి మాట ఇప్పుడు కంపెనీ మాట కిందే లెక్క. కమిటీలో గట్టిగా మాట్లాడినవారి గంటలు ఆ తరువాతి వారాల్లో తగ్గలేదని నువ్వే షెడ్యూలు తీసి చూసుకో.

ముందుగా గత మూడు నెలల మినిట్స్ తెప్పించుకుని, జవాబు లేకుండా మిగిలిపోయిన అంశాలను వరుసగా రాసుకో. వాటికి రాతపూర్వకంగా జవాబులిచ్చిన తరువాతే కొత్త ఎన్నిక నోటీసు వేయించు. ఆ నోటీసు ముసాయిదానూ కమిటీకి ఇవ్వదలచిన అధికారాల కాగితాన్నీ కంపెనీ న్యాయవాదికి చూపించి, యాజమాన్యం సభ్యులకు ఓటు ఉండాలా వద్దా అన్నది రాతలో తేల్చమని అడుగు. ఆయన జవాబు వచ్చాక నాకు పంపించు, కలిసి చదువుదాం.

ఇట్లు,
నీ పెద్దమ్మ