గిటార్‌ పాట కోసం చిట్టీ పాటా?

ప్రశ్న: వందనాలు సార్‌. మాది మల్కాజిగిరి. నేను ల్యాబ్‌ టెక్నీషియన్‌ని, మావారు కొరియర్‌ ఆఫీసులో చేస్తారు. ఇద్దరి జీతం కలిపి 46 వేలు. అద్దె, ఇంటి ఖర్చు, దశమభాగం, 5 వేల చిట్టీ పోగా నెలకు 2,500 మిగులుతుంది. అది లక్ష రూపాయల చిట్టీ, 20 నెలలు. ఇప్పుడు ఆరో నెల. పాప ఇంటర్‌ ఫీజుకని వచ్చే జూన్‌లో తీసుకుందామనుకున్నాం. గృహ కూడికలో ఆరాధన పాటలకు గిటార్‌ వాయించాలని నాకు ఎప్పటినుంచో ఆశ. క్రిస్మస్‌కల్లా నాలుగు పాటలైనా రావాలి. షాపులో 28 వేల సెమీ అకౌస్టిక్‌ చూపించి నో కాస్ట్‌ ఈఎంఐ అన్నారు. క్లాసుకు మూడు నెలల ఫీజు 9 వేలు ముందే కట్టాలట. చిట్టీ ఇప్పుడే పాడితే 75 వేలు చేతికొస్తుంది. పాడేయమంటారా? లేక రెండు నెలలు దశమభాగం ఆపితే తప్పా? తమ్ముడి పాత గిటార్‌ అటక మీద ఉంది గానీ తీగలు తుప్పు పట్టాయి.

జవాబు: మీ ఉత్తరంలో నాకు పనికొచ్చిన వాక్యం ఆ చివరిదే. ముందు దాన్ని కిందికి దించండి.

తీగలు తుప్పు పట్టడం జబ్బు కాదు, అవి ఎలాగూ మార్చేవే. చూడాల్సినవి రెండు. తీగలు కట్టే చెక్కపట్టీ, అంటే బ్రిడ్జి, వెనకవైపు పైకి లేచి కింద కాగితం దూరేంత సందు వచ్చిందా? మెడ వంగిందా? నా దగ్గరుండేవి రూపాయి బిళ్లలే కాబట్టి వాటితోనే ఒక పరీక్ష చెబుతాను. పన్నెండో ఫ్రెట్‌ మీద, అంటే మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీల్లో పన్నెండోదాని మీద, అన్నిటికన్నా లావు తీగ కింద, రెండు రూపాయి బిళ్లలు ఒకదానిమీద ఒకటి పెట్టి దూర్చండి. తగలకుండా సులువుగా వెళ్లిపోతే తీగలు బాగా ఎత్తున ఉన్నట్టు. అలాంటి గిటార్‌ మీద నేర్చుకుంటే వేళ్లు కోసుకుపోయి రెండో వారానికే విసుగొస్తుంది. చాలామంది మానేసేది అక్కడే, పాట రాక కాదు. అయితే బ్రిడ్జి గట్టిగా ఉంటే ఎత్తు తగ్గించడం రిపేరు తెలిసినవాళ్లకు చిన్న పనే. కొత్త తీగలు, ఆ సెట్టింగ్‌, ఒక కాపో (శృతి పెంచడానికి మెడకు బిగించే క్లిప్పు), అన్నీ కలిపి 1,500 పక్కన పెట్టుకోండి. ట్యూనర్‌ ఫోన్‌లో ఉచితంగానే దొరుకుతుంది.

ఇక చిట్టీ. ఇప్పుడు పాడితే 25 వేలు వదులుకుంటున్నారు. అందులో కంపెనీ కమీషన్‌ 5 శాతం అనుకుంటే 5 వేలు పోతుంది, మిగిలిన 20 వేలు 20 మందికీ తలా వెయ్యి చొప్పున పంచుతారు. అంటే మీరు వదులుకున్న దాంట్లో మీకు తిరిగొచ్చేది వెయ్యి. పాడాక కూడా 14 వాయిదాలు కట్టాలి, డబ్బు చేతికి రావాలంటే జామీనుదారులను వెతుక్కోవాలి. జూన్‌ నాటికి పదహారో నెల వస్తుంది, అప్పటికి పాట ఇంత లోతుకు పోదు. అసలు నా భయం ఆ 25 వేల గురించి కాదు. గిటార్‌కు 28 పోగా మిగిలే 47 వేలు జూన్‌ దాకా ఇంట్లో నిలుస్తాయా? నా అనుభవంలో నిలవవు. పాప ఫీజు పాప ఫీజుగానే ఉండనివ్వండి.

ఒక్కటి అడుగుతాను. ఇన్నాళ్లూ ఎవరో ఒకరు పాడుతూనే ఉన్నారు కదా, మీ వాటాకొచ్చే ఆ డివిడెండ్‌ పోగా మీరు కట్టేది నిజంగా 5 వేలేనా, 4 వేల చిల్లరా? పాస్‌బుక్‌ చూడండి. మీ లెక్కలో పూర్తి 5 వేలు రాసి ఉంటే, ఆ తేడా ఎటుపోతోందో మీకే తెలియడం లేదు. మీ క్లాసు డబ్బు అక్కడే ఉండొచ్చు. పనిలో పనిగా ఆ చిట్టీ రిజిస్టరైనదో కాదో కూడా కనుక్కోండి.

నో కాస్ట్‌ ఈఎంఐ అన్న మాట విని మురిసిపోకండి. సున్నా శాతం వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే చెప్పింది. రొక్కం ఇస్తే ఎంతకిస్తారో షాపులో అడగండి, తేడా బయటపడుతుంది. పైగా సెమీ అకౌస్టిక్‌లో అదనంగా ఉండేది పికప్‌. అది స్పీకర్‌కు కలపడానికే. ఇంటి హాల్లో పదిహేను మంది కూర్చునే కూడికకు దాంతో పనేముంది? కావాలంటే తర్వాత విడిగా బిగించుకోవచ్చు.

ఫీజు నెలనెలా కడతానని చెప్పండి. ఒప్పుకోకపోతే వేరే చోటు చూడండి. మీ సంఘం క్వయర్‌లో వాయించే కుర్రాడు ఎవరైనా వారానికి రెండు సాయంత్రాలు నేర్పితే ఇంకా మేలు, గౌరవంగా ఎంతో కొంత ఇవ్వండి. గ్రేడ్‌ పరీక్షలు మీకు అక్కర్లేదు. జి, సి, డి, ఈ మైనర్‌ అనే కార్డ్‌ పట్టులు, తెలుగు ఆరాధన పాటల్లో తరచూ వినబడే 6/8 నడక (ఆరు దెబ్బల తాళం), ఈ రెండూ వస్తే నాలుగు పాటలేం ఖర్మ, ఇంకా ఎక్కువే వస్తాయి. పాడేవాళ్ల శృతి మారినప్పుడు కాపో జరిపి అవే పట్టులు పట్టొచ్చు. పాత కీర్తనల జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లకండి. రాగాల్లో కట్టినవి కావడంతో గమకాల దగ్గర కార్డ్‌ అంత తేలిగ్గా కుదరదు.

దశమభాగం సంగతి మీ పాస్టర్‌ గారిని అడగాలి, అది నా పద్దు కాదు. నేను చెప్పగలిగింది, ఈ లెక్కలో దాన్ని ముట్టుకోవాల్సిన అవసరమే రాలేదని.

నేనూ ఒకప్పుడు ఈఎంఐలో కీబోర్డు కొన్నాను. వాయిదాలు పూర్తయ్యేసరికి దాని మీద ఇస్త్రీ బట్టలు పెడుతున్నాం. కాబట్టి క్రిస్మస్‌ దాకా తమ్ముడి గిటార్‌తోనే రోజూ ఇరవై నిమిషాలు కూర్చోండి. అప్పటికీ వేళ్లు దాని మీదికే పోతుంటే, 10 వేల లోపు కొత్తది రొక్కానికి కొనుక్కోండి. ఒకవేళ బ్రిడ్జి లేచిపోయి ఉంటే దాని మీద రూపాయి కూడా పెట్టకండి, సంఘంలో ఎవరి దగ్గరైనా ఒకటి ఖాళీగా ఉందేమో అడగండి.

ఇంకొకటి, ఆపదకని దాచిన డబ్బు మీ ఉత్తరంలో ఎక్కడా కనబడలేదు. ఉంటే ఎంతో రాయండి. లేకపోతే జనవరి నుంచి ఆ 2,500తో రికరింగ్‌ డిపాజిట్‌ మొదలుపెట్టండి. కొత్త గిటార్‌ దాని తర్వాతే.