ఇస్తాంబుల్ ఇళ్లలో కజఖ్ మాట

ప్రశ్న: తుర్కియే (టర్కీ)లో స్థిరపడిన కజఖ్ కుటుంబాలు ఒకప్పుడు కశ్మీరు మీదుగా అక్కడికి చేరాయని చదివాను. తుర్కీ, కజఖ్ ఒకే కుటుంబానికి చెందిన భాషలు కాబట్టి, ఇంట్లో తమ భాషను నిలుపుకోవడం వారికి తేలికే అయి ఉండాలి కదా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: మీరు చదివినది నిజమే. 1949లో చైనాలో కమ్యూనిస్టు పాలన వచ్చాక షిన్‌జియాంగ్ నుంచి బయలుదేరిన కొన్ని కజఖ్ కుటుంబాలు, టిబెట్ దారిలో ఎందరినో పోగొట్టుకుని, 1951లో కశ్మీరుకు చేరాయి. 1952లో తుర్కియే ఆశ్రయమివ్వడానికి ఒప్పుకోవడంతో అక్కడికి వెళ్లిన వారిలో చాలామంది కాలక్రమంలో ఇస్తాంబుల్‌లోని జెయ్తిన్‌బుర్ను ప్రాంతంలో తోలు దుస్తుల వ్యాపారంలో కుదురుకున్నారు.

‘తేలిక’ అన్న మాటతోనే నాకు పేచీ. దారిని తుర్కీలో ‘యోల్’ అంటే కజఖ్‌లో ‘జోల్’ అంటారు; ‘లేదు’ అనడానికి అక్కడ ‘యోక్’, ఇక్కడ ‘జోక్’; తలను వారు ‘బాష్’ అంటే వీరు ‘బాస్’ అంటారు. బడి నుంచి వచ్చిన పిల్లవాడు ‘యోక్’ అన్నా నాయనమ్మకు ఇట్టే అర్థమవుతుంది కనుక, ఆమెకు దిద్దాలనే తోచదు. బెంగళూరులో పెరిగే మన పిల్లలు పాలను ‘హాలు’ అంటే ఇంట్లో నవ్వి ఊరుకుంటామే, అటువంటిదే ఇది. కజఖ్ వాక్యంలో జర్మన్ మాట దూరితే ఎవరి చెవికైనా తగులుతుంది. తుర్కీ మాట దూరితే తగలదు. అలా ఒక్కొక్క మాటే మారుతూ పోగా, పెద్దలు కజఖ్‌లో అడిగే ప్రశ్నకు మనుమలు తుర్కీలో జవాబు చెప్పే స్థితి వస్తుంది.

దీనికి తోడు లిపి చిక్కు ఒకటుంది. షిన్‌జియాంగ్ నుంచి వచ్చిన పెద్దలు కజఖ్‌ను అరబ్బీ లిపిలో రాసేవారు. తుర్కియే బడిలో మనుమలు నేర్చేది లాటిన్ లిపి. కజఖ్‌స్తాన్‌లో 1940 నుంచి పుస్తకాలు సిరిలిక్‌లో, అంటే రష్యన్ రాసే లిపిలో, వస్తున్నాయి. లాటిన్‌కు మారాలని ఆ దేశం 2017లో నిర్ణయించినా మార్పు ఇంకా పూర్తి కాలేదు. అందువల్ల అల్మాటీ నుంచి కథల పుస్తకం తెప్పించినా పిల్లవాడికి అందులోని అక్షరాలే కొత్త. భాషంతా నోటి మీదే బతకాలి. ఆ నోరు ఎక్కువగా ఇంట్లోని ముసలివారిదే.

భాష కంటే గట్టిగా నిలిచేది వంశావళి అని నా అభిప్రాయం. కజఖ్ సంప్రదాయంలో పిల్లలు ఏడు తరాల తాతల పేర్లు కంఠస్థం చేయాలి. ఆ ఏడు తరాల లోపు పెళ్లి కుదరదు (మన గోత్రం పట్టింపు గుర్తొస్తుంది). సంబంధం చూసేటప్పుడు ఆ పేర్ల అవసరం పడుతుంది కాబట్టి అవి మిగులుతాయి. ఆ తాతల కథ కజఖ్‌లో చెప్పమంటే మాత్రం, పేర్లన్నీ గడగడా అప్పజెప్పిన కుర్రవాడే తుర్కీలోకి దిగిపోవచ్చు.