భార్య సంపాదన ఎవరిది?

ప్రశ్న: 19వ శతాబ్దపు ఇంగ్లండులో మధ్యతరగతి ఇల్లాలు పాఠాలు చెప్పి సంపాదించినా ఆ డబ్బు భర్తదేనట. నిజమేనా?

జవాబు: 1870 దాకా నిజమే. పెళ్లితోనే ఆమె జీతం, రొక్కం, నగానట్రా చట్టం దృష్టిలో భర్తవైపోయేవి. భూమి ఉంటే కౌలు అతనికే. అమ్మాలంటే మాత్రం ఆమె ఒప్పుకోవాలి. సంపన్నులు కూతురి ఆస్తిని పెళ్లికి ముందే ట్రస్టీల (ఆమె తరఫున ఆస్తి చూసుకునేవారి) పేర రాసి కాపాడుకునేవారు. ఆ దస్తావేజులకు లాయర్ల ఖర్చు ఎక్కువ కనుక మధ్యతరగతిలో చాలామందికి ఆ రక్షణ అందలేదు. అసలు అన్యాయం అక్కడే! 1870 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం సంపాదనను ఆమెకిచ్చింది. వీలునామా ద్వారా వచ్చే రొక్కం మాత్రం 200 పౌండ్లు మించితే ఆమెది కాదు. 1882 చట్టం 1883 జనవరి 1న అమల్లోకి వచ్చింది. ఆ తర్వాత పెళ్లాడినవారికి తమ ఆస్తంతా సొంతం. ముందే పెళ్లయినవారికి ఆ తేదీ తర్వాత సంక్రమించిన ఆస్తి మాత్రమే సొంతం.