రోగ్ నది ఒడ్డున స్థలం కొన్నారా? పాత దస్తావేజు చూశారా?

ప్రశ్న: మేము ఒరెగాన్‌లోని హిల్స్‌బొరోలో ఉంటాం. కిందటేడు గ్రాంట్స్ పాస్‌కి దిగువన రోగ్ నది ఒడ్డున పాత ఇల్లున్న నాలుగెకరాలు కొన్నాం. గుంటూరులో పొలం అమ్మి నాన్నగారు పంపిన డబ్బు కూడా అందులో ఉంది. అమ్మానాన్నలు వస్తున్నారని, నది బాగా కనబడేలా ఒడ్డున చెట్లు కొట్టించి డెక్ మొదలుపెట్టాం. పక్కింటాయన ఫిర్యాదు చేశాడట, పని ఆపమని ఫెడరల్ భూముల శాఖ బీఎల్‌ఎమ్ నుంచి ఉత్తరం వచ్చింది. సొంత స్థలంలో చెట్లు కొట్టుకునే హక్కు మాకు లేదా? వాళ్లు తనిఖీకి వచ్చేలోపు కట్టేస్తే ఎవరూ కూల్చరని కాంట్రాక్టర్ అంటున్నాడు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: పొలం అమ్మిన సంగతీ, పక్కింటాయన బుద్ధీ ఈ కేసును తేల్చవు. ఇంత రాసిన మీరు టైటిల్ రిపోర్టు (స్థలం ఎవరిది, దాని మీద ఇతరుల హక్కులేమున్నాయి అని కొనేముందు ఇచ్చే నివేదిక) గురించి ఒక్క ముక్క రాయలేదు. తేల్చేది అదే.

1968 అక్టోబరు 2న అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేసిన వైల్డ్ అండ్ సీనిక్ రివర్స్ చట్టంలో మొదట చేరిన ఎనిమిది నదుల్లో రోగ్ ఒకటి. ఆపిల్‌గేట్ నది కలిసే చోటు నుంచి లాబ్‌స్టర్ క్రీక్ వంతెన దాకా దానికి రక్షణ ఉంది. అయితే ప్రైవేటు స్థలంలో ఏం కట్టాలో చెప్పే జోనింగ్ అధికారం ఆ చట్టం ఫెడరల్ ప్రభుత్వానికి ఇవ్వలేదు. అందుకే ప్రభుత్వం ఒడ్డున ఉన్న యజమానుల దగ్గర డబ్బిచ్చి సీనిక్ ఈజ్‌మెంట్లు కొనుక్కుంది. అంటే భూమి యజమానిదే, చెట్లు కొట్టే హక్కు, కొత్తగా కట్టే హక్కు మాత్రం అమ్ముడైపోయాయి. మీకు ముందున్న ఏ యజమానో అలా అమ్మి ఉంటే, ఆ హక్కులు పోగా మిగిలిందే మీరు కొన్నారు. టైటిల్ రిపోర్టులో మినహాయింపుల పేజీ, అంటే స్థలం మీద ఇతరులకున్న హక్కుల జాబితా, చదవకుండా సంతకం పెట్టడం పెద్ద తప్పు. తండ్రి పొలం డబ్బు పెడుతున్నప్పుడు ఆ పేజీ రెండుసార్లు చదవాలి.

మీ స్థలమున్న జోసఫీన్ కౌంటీ క్లర్కు ఆఫీసులో ఆ ఈజ్‌మెంటు దస్తావేజు నకలు తీసుకుని ప్రతి మాటా చదవండి. ఐడహోలో క్లియర్‌వాటర్ ఒడ్డున ఇలాంటి ఈజ్‌మెంటు ఉన్న స్థలంలో ఒకరు కుక్కల కెన్నెల్ నడిపారు. దస్తావేజులో పశుపోషణకు అనుమతి ఉంది. కుక్కలు అందులోకి వస్తాయా రావా అన్నది అస్పష్టంగా ఉందని 2008లో తొమ్మిదో సర్క్యూట్ ఫెడరల్ అప్పీలు కోర్టు ప్రభుత్వానికి అనుకూలంగా ఉన్న కింది కోర్టు తీర్పును కొట్టేసింది. మీకు దారి దొరికితే అలాంటి చోటే దొరకాలి.

దస్తావేజే చెల్లదని దావా వేద్దామంటే గడువు 12 ఏళ్లు. అదీ మీరు కొన్న రోజు నుంచి కాదు, మీకో మీ ముందటి యజమానులకో తెలిసిన, తెలిసి ఉండాల్సిన రోజు నుంచి. 1970లలో రిజిస్టరైనదైతే ఆ తలుపు ఎప్పుడో మూసుకుపోయింది. ఆ గడువు కోర్టు అధికార పరిధికి సంబంధించింది కాదని (అంటే గడువు దాటినా, ప్రభుత్వం అడ్డు చెప్పకపోతే కోర్టు కేసు వినొచ్చని) 2023లో అమెరికా సుప్రీంకోర్టు అన్నమాట నిజమే, కానీ గడువు రద్దు కాలేదు. ప్రభుత్వ లాయరు దాన్ని తప్పక లేవనెత్తుతాడు.

ఇక కాంట్రాక్టర్ సలహా. అది వినకండి! ఉత్తరం అందాక కొట్టిన ప్రతి మేకూ తెలిసి చేసిన ఉల్లంఘనే అవుతుంది. తొందరగా కానిమ్మని మీరు అతనికి పంపే మెసేజ్ రేపు మీ మీదే సాక్ష్యం. మొదళ్లు పీకించడం, ఒడ్డున రాళ్లు పోయించడం కూడా వద్దు. నదిలోకి వెళ్లే రాళ్లకు సైన్యపు ఇంజనీర్ల విభాగమైన ఆర్మీ కోర్ పర్మిట్ కావాలి, అది మరో కేసు.

రాష్ట్ర చట్టం వేరే ఉంది. అక్కడ ఒడ్డు నుంచి పావు మైలు లోపల కట్టడానికైనా చెట్లు కొట్టడానికైనా ముందే ఒరెగాన్ పార్కుల శాఖకు నోటీసివ్వాలి. నది అందానికి హాని అని వాళ్లంటే ఏడాది ఆగాలి. మీరు ఇచ్చినట్టు లేదు.

ఈ వారమే చేయాల్సింది: ఉన్నది ఉన్నట్టు తేదీలతో ఫొటోలు తీయించండి, మొదళ్లతో సహా. సర్వేయర్‌తో ఈజ్‌మెంటు హద్దు గుర్తు పెట్టించండి. డెక్ హద్దు బయట పడితే బీఎల్‌ఎమ్‌తో గొడవ చాలావరకు తీరుతుంది. లోపల పడితే దాన్ని పాత ఇంటి వైపు జరిపి, కొట్టిన చోట స్థానిక జాతి చెట్లు నాటుతామని మీరే ముందు ప్రతిపాదించండి. ఈజ్‌మెంటు మినహాయింపుల్లో చూపకపోతే టైటిల్ ఇన్సూరెన్స్ కంపెనీకి వెంటనే రాతపూర్వకంగా తెలపండి. అమ్మినవాళ్లు తెలిసీ డిస్‌క్లోజర్ ఫారంలో ఈజ్‌మెంట్లు లేవని రాసి ఉంటే మోసం దావాకు రెండేళ్లే గడువు, మోసం తెలిసిన లేదా తెలిసి ఉండాల్సిన రోజు నుంచి. బీఎల్‌ఎమ్‌కు పని ఆపామనీ, దస్తావేజు నకలు, స్థలం దగ్గర సమావేశం కావాలనీ సర్టిఫైడ్ మెయిల్‌లో రాసి, రసీదు దాచుకోండి.