ఆ రంగుల మబ్బుల్లో ఏముంది?

ప్రశ్న: నెబ్యులా ఫొటోలు చూస్తుంటే మతి పోతుందండి, ఎరుపు, నీలం, ఆకుపచ్చ. అక్కడికి వెళ్తే నిజంగా అలాగే కనిపిస్తుందా? అసలు వాటి వల్ల విశ్వంలో జరిగేదేంటి?

జవాబు: మబ్బులోకి దూరినట్టు మాత్రం ఉండదండి. నెబ్యులా, అదే నిహారిక, అంటే నక్షత్రాల మధ్య ఉండే గ్యాసూ ధూళీ, అందులో ఎక్కువ భాగం హైడ్రోజనే. కానీ అది ఎంత పల్చగా ఉంటుందంటే, మనం పీల్చే గాలిలో ఒక్క క్యూబిక్ సెంటీమీటర్‌లో దాదాపు రెండున్నర లక్షల కోట్ల కోట్ల అణువులుంటే మెరిసే నిహారికలో అదే చోట వందల్లోనో వేలల్లోనో ఉంటాయి, అంతే. మరి కనిపిస్తుందెందుకూ అంటే దాని సైజు వల్ల. ఓరియన్ నెబ్యులా ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్లడానికి వెలుతురుకే 20 ఏళ్లకి పైన పడుతుంది, అంత లోతున్న గ్యాస్ అంతా కలిసి మనకి మబ్బులా కనిపిస్తుంది.

రంగులు అబద్ధం కాదు, అలాగని కంటికి కనిపించేవీ కాదు. పక్కనున్న వేడి నక్షత్రాల అల్ట్రావయొలెట్ కాంతి తగిలి హైడ్రోజన్ నిజంగానే ఎర్రగా వెలుగుతుంది, కృత్తికల చుట్టూ ఉన్న ధూళి నక్షత్రాల వెలుగుని చెదరగొట్టి నీలంగా కనిపిస్తుంది. కానీ 1995లో హబుల్ స్పేస్ టెలిస్కోప్ తీసిన పిల్లర్స్ ఆఫ్ క్రియేషన్ ఫొటో, అంటే నిహారికలో స్తంభాల్లా నిలబడ్డ గ్యాసూ ధూళీ ఫొటో, ఉంది చూడండి, అందులో సల్ఫర్‌కి ఎరుపు, హైడ్రోజన్‌కి ఆకుపచ్చ, ఆక్సిజన్‌కి నీలం అని సైంటిస్టులు కావాలని ఇచ్చారు, ఏ గ్యాస్ ఎక్కడుందో తెలియడానికి.

ఇక మీ రెండో మాట, నాకు ఇష్టమైనది అదే. నిహారికల్లో మెరవకుండా నల్లగా ఉండే భాగాలున్నాయి, అక్కడ చలి మైనస్ 260 డిగ్రీల దాకా ఉంటుంది. అంత చల్లగా ఉంటే గ్యాస్‌కి బయటికి తోసే బలం తక్కువ, దాంతో గ్రావిటీదే పైచేయి అయి గ్యాస్ ముద్దలు ముద్దలుగా కుంగిపోతూ, నొక్కుకుపోతూ, వేడెక్కుతూ చివరికి మధ్యలో కోటి డిగ్రీలకి చేరేసరికి హైడ్రోజన్ హీలియంగా మారడం మొదలవుతుంది, అదే నక్షత్రం పుట్టడం. చుట్టూ మిగిలిన గ్యాసూ ధూళీ పళ్లెంలా తిరుగుతూ గ్రహాలవుతాయి. సుమారు 460 కోట్ల ఏళ్ల క్రితం మన సూర్యుడూ భూమీ ఇలాగే తయారయ్యాయి.

నక్షత్రం పోయినప్పుడూ మళ్లీ నిహారికే. 1054లో చైనా వాళ్లు పగలు కూడా కనిపించిన ఒక కొత్త చుక్క గురించి రాసిపెట్టారు, ఆ పేలుడు తాలూకు శకలాలే ఇవాళ్టి క్రాబ్ నెబ్యులా. సూర్యుడిలాంటివి పేలవు, ముసలివయ్యాక పై పొరల్ని నెమ్మదిగా వదిలేస్తాయి. వాటిని ప్లానెటరీ నెబ్యులా అంటారు గానీ గ్రహాలతో సంబంధమే లేదు, పాత టెలిస్కోపుల్లో గ్రహాల్లా గుండ్రంగా కనిపించాయని ఆ పేరు వచ్చింది. విశ్వం మొదలైన బిగ్ బ్యాంగ్‌లో తయారైంది దాదాపు హైడ్రోజన్, హీలియమే. మన రక్తంలో ఇనుము, పీల్చే ఆక్సిజన్ అన్నీ నక్షత్రాల్లో తయారై, ఇలా బయటపడి, ఇంకో నిహారికలో కలిసి మన దాకా వచ్చినవే. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ప్రశ్న: పాత పుస్తకంలో ఆండ్రోమెడా నెబ్యులా అని ఉంది, ఇప్పుడు గెలాక్సీ అంటున్నారు. ఏది కరెక్ట్?

జవాబు: గెలాక్సీయే. అప్పట్లో మసకగా కనిపించే ప్రతిదాన్నీ నెబ్యులా అనేవాళ్లు. 1923లో ఎడ్విన్ హబుల్ అనే ఖగోళ శాస్త్రవేత్త అందులో వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉండే ఒక నక్షత్రాన్ని పట్టుకుని దూరం లెక్కేస్తే, అది మన పాలపుంతకి చాలా అవతల ఉందని తేలింది.

ప్రశ్న: టెలిస్కోప్ లేకుండా ఒక్కటైనా చూడొచ్చా?

జవాబు: చూడొచ్చండి. జనవరి, ఫిబ్రవరి రాత్రుల్లో లైట్లు లేని చోట ఓరియన్ అనే నక్షత్రాల గుంపులో వరసగా ఉండే మూడు చుక్కల్ని పట్టుకోండి, వాటి కింద కత్తిలా వేలాడే చిన్న చుక్కల మధ్యలో ఒకటి కాస్త మసగ్గా ఉంటుంది, అదే ఓరియన్ నెబ్యులా. బైనాక్యులర్స్‌తో ఇంకా బాగుంటుంది. బూడిద రంగులోనే కనిపిస్తుంది, ఎందుకంటే అంత మసక వెలుతురులో మన కళ్లు రంగులు పట్టలేవు. చీకటికి కళ్లు అలవాటు పడటానికి ఒక 20 నిమిషాలు ఆగండి, ఈలోపు ఫోన్ చూడకండి.