మార్చి స్కోర్లు చూసి మురిసిపోకు అల్లుడూ

చి॥ కిట్టుకి మామయ్య ఆశీస్సులు.

నీ మెసేజ్‌లన్నీ చదివాను. బంతి వేసే పిచర్లూ, దాన్ని అందుకునే క్యాచర్లూ సీజన్ ముందు ప్రాక్టీసుకని ఇక్కడ అరిజోనాలో, పియోరియాలో బ్యాగులు దించారో లేదో, నువ్వు మన సియాటిల్ బేస్‌బాల్ జట్టు మెరైనర్స్‌ని వరల్డ్ సిరీస్‌కి, అంటే రెండు లీగ్‌ల విజేతలు ఆడే ఫైనల్‌కి, పంపేశావు. ఆ తర్వాతి మెసేజ్‌లోనే "మళ్ళీ ఏడో గేమ్‌లో పోతే ఎలా మామయ్యా" అని బెంగ. బేస్‌బాల్ అంటే నిలబడి గోళ్ళు గిల్లుకునే ఆట అని వెక్కిరించినవాడివి నువ్వేనట్రా? సరే, పట్టుకుంది కదా. ఇక దీంతో కాపురం చేయడమెలాగో చెబుతాను విను.

ముందు 2025 అక్టోబర్లో టొరంటోతో మన లీగ్ ఫైనల్ ఏడో గేమ్ ఆడిన సంగతి తేల్చుకో. ఏడో ఇన్నింగ్స్‌లో 3-1తో ముందున్నాం, వాళ్ళ స్ప్రింగర్ ఒక్క దెబ్బకి మూడు రన్లు రాబట్టాడు, 4-3తో ఓడి ఇంటికొచ్చాం. ముప్ఫై జట్లలో వరల్డ్ సిరీస్ మొహం చూడనిది మనదొక్కటే, కాదనను. కానీ లెక్క చూడు. 2001లో 116 గేమ్‌లు గెలిచి యాంకీస్ చేతిలో పోయాం. 2002లోనూ 2003లోనూ 93 చొప్పున గెలిచి ప్లేఆఫ్స్ (అక్టోబర్ నాకౌట్ పోటీలు) గడప తొక్కలేదు. 2025లో 90 గెలిచి లీగ్ ఫైనల్లో ఏడో గేమ్ దాకా వెళ్ళాం. అప్పట్లో లీగ్‌కి నాలుగు జట్లకే చోటుండేది, ఇప్పుడు ఆరింటికి. అందుకని ఫిబ్రవరిలో మొక్కుకోవాలంటే అక్టోబర్లో ఆడే జట్టుండాలని మొక్కుకో. అక్కడికెళ్ళాక ఎవడి బంతి ఎటు పోతుందో ఎవడికీ తెలీదు.

ఇక సీజన్ ముందు ఆడే ఈ నెల రోజుల ప్రాక్టీసు గేమ్‌లు. వీటి స్కోర్లు నాకు పంపడం మానెయ్. ఫీనిక్స్ చుట్టూ పదిహేను జట్లు మకాం వేస్తాయి, ఇక్కడి గాలి పొడి గాలి. కొట్టిన బంతి తేలిపోతుంది, కర్వ్‌బాల్ సరిగ్గా తిరగదు. మన సియాటిల్ పార్కులో ఏప్రిల్ చలిగాలికి అదే బంతి కంచెకి ముందే చేతుల్లో పడుతుంది. అందుకే ఇక్కడ నాలుగు హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి) కొట్టిన కుర్రాడి పేరుతో జెర్సీ కొనేముందు, అవి ఎవరి బౌలింగ్‌లో కొట్టాడో చూడు (పిచింగ్ అనాలి, తెలుసులే, క్రికెట్ నోరు). ఐదో ఇన్నింగ్స్ దాటాక పెద్దవాళ్ళు స్నానాలు చేసి గోల్ఫ్‌కి పోతారు. వీపు మీద 80లు, 90లు నంబర్లున్న, జట్టులో చోటు ఖాయం కాని పిల్లలు దిగుతారు. పేరున్న పిచర్ ఒకడు చావుదెబ్బలు తింటే కంగారుపడకు. కొత్తగా నేర్చుకున్న బంతినే పదేపదే వేసి చూసుకుంటుండొచ్చు. గెలుపోటములు వాడికి పట్టవు.

2001 మార్చిలో మన ఎడమచేతి బ్యాటర్ ఇచిరో ఇదే పియోరియాలో అన్నీ ఎడమ వైపే నెడుతుంటే మేనేజర్ లూ పినెల్లాకి దిగులు పట్టుకుంది, ఇతనికి అసలు బలముందా అని. కుడి వైపు లాగి కొట్టగలవా అని అడిగితే, అటే హోమ్ రన్ కొట్టి చూపించాడు. ఆ ఏడాది 242 హిట్లు, ఎంవీపీ (లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడు), రూకీ ఆఫ్ ది ఇయర్ (అత్యుత్తమ కొత్త ఆటగాడు) రెండూ అతనికే. ఆ మనిషికి మార్చిలో ఏం కావాలో అతనికి తెలుసు, చూసేవాళ్ళకి తెలీలేదు.

మరి చూడాల్సిందేమిటంటావా? చేతులు. పిచర్ల చేతులు. ఫాస్ట్‌బాల్ వేగం పోయినేటితో పోలిస్తే రెండు మైళ్ళు తగ్గిందా, మొదటి ఇన్నింగ్స్‌లోనే ట్రైనర్ పరిగెత్తుకొచ్చాడా, ఐదు రోజులకోసారి గేమ్ మొదలుపెట్టే పిచర్ (స్టార్టర్) తన వంతుకి రాలేదా, అవి రాసుకో. "కాస్త బిగుతుగా ఉంది, ముందుజాగ్రత్త" అన్న ప్రకటన వస్తే నిజంగా బెంగపడు. 2025 మార్చిలో మన పిచర్ కిర్బీకి భుజం వాపు అన్నారు, మే నెల రెండో సగం దాకా మనకి దక్కలేదు. మోచేతి లిగమెంట్ తెగి టామీ జాన్ ఆపరేషన్ దాకా పోతే ఏడాది, ఏడాదిన్నర మర్చిపోవాల్సిందే. మన బలమంతా ఆ ఐదుగురు స్టార్టర్లలోనే ఉంది. 

ఈ మార్చిలో (2026) దేశాల మధ్య జరిగే వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్ కూడా ఉంది. మన క్యాచర్ క్యాల్ రాలీ అమెరికాకి, మన హూలియో రోడ్రిగెజ్ డొమినికన్ రిపబ్లిక్‌కి ఆడతారు. హాయిగా చూడు, ఊపిరి బిగబట్టుకునే చూడు. 2023 క్లాసిక్‌లో ఒకప్పటి మన పిచర్ ఎడ్విన్ డియాజ్ గెలిచిన సంబరంలో గంతులేస్తూ మోకాలు చెడగొట్టుకుని తన జట్టు మెట్స్‌కి సీజనంతా దూరమయ్యాడు.

క్యాల్ మాటొచ్చింది కాబట్టి చెబుతున్నా. 2025లో కొట్టిన 60 హోమ్ రన్లు మళ్ళీ అడగకు. క్యాచర్‌గా రోజూ కూర్చుని లేచే మోకాళ్ళవి. అంతకుముందు క్యాచర్లలో రికార్డు 48, అదీ ఒక్కడిదే. 40 కొట్టినా నేను కొబ్బరికాయ కొడతాను. నువ్వు మాత్రం "ఫామ్ పోయింది" అని గోల పెడతావు, నాకు తెలుసు.

క్లాసిక్ అయిపోయాక, మార్చి మూడో వారంలో రా. అప్పటికి స్టార్టర్లు ఐదారు ఇన్నింగ్స్ వేస్తుంటారు, గేమ్‌కి కాస్త రూపు వస్తుంది. పియోరియాలో ఔట్‌ఫీల్డ్ వెనక గడ్డి మీద కూర్చునే టికెట్ తీసుకో, కుర్చీ టికెట్ దండగ. గంట ముందే వెళ్ళి పిచర్లు చేతులు వేడెక్కించుకునే బుల్‌పెన్ పక్కన నిలబడు. గంటకి 97 మైళ్ళ బంతి క్యాచర్ గ్లవ్‌లో పడే చప్పుడు టీవీలో రాదు. చాండ్లర్‌లో మా ఇంటి నుంచి అక్కడికి ఊరు ఈ చివర నుంచి ఆ చివరికి, పొద్దున్నే బయల్దేరదాం. టోపీ, దుప్పటి, సన్‌స్క్రీన్ తెచ్చుకో. అత్తయ్య పులిహోర కడుతుంది, గేటు దగ్గర ఆహారం రూల్స్ నేను కనుక్కుంటాను. అక్కకి వారం ముందే చెప్పి రా, లేకపోతే నన్ను తిడుతుంది.

మీ మామయ్య