మొదటి డీఎస్ఎల్ఆర్‌తో ఏ లెన్స్ తీసుకోవాలి?

35 వేల లోపు మొదటి డీఎస్ఎల్ఆర్ కావాలి, ఎక్కువగా ఇంట్లో ఏడాది పాప ఫొటోలు, అప్పుడప్పుడూ గుళ్ళు, రెండు జూమ్ లెన్సుల కిట్ తీసుకోవచ్చా అని అడిగారు. ఆ రెండో జూమ్ వద్దండి. సెకండ్ హ్యాండ్ బాడీ (లెన్స్ లేని కెమెరా), దానితో వచ్చే 18-55 ఎంఎం జూమ్, ఇంకో ఎఫ్/1.8 ప్రైమ్ లెన్స్ (జూమ్ లేనిది) తీసుకోండి. ఎంఎం అంకె తగ్గేకొద్దీ ఎక్కువ చోటు ఫ్రేమ్‌లో పడుతుంది, ఎఫ్ పక్క అంకె తగ్గేకొద్దీ లెన్సులోకి ఎక్కువ వెలుతురు వస్తుంది.

మాది కాకినాడ. నేను 2013లో నికాన్ డీ3200తో పాటు 18-55, 55-200 రెండూ కొన్నాను. కొన్న నెలకే మా మేనకోడలి అన్నప్రాశన. పుస్తకం, పెన్ను, బంగారం, డబ్బు ముందు పెట్టాం. పిల్ల పాక్కుంటూ వెళ్ళి పుస్తకం మీద చెయ్యి వేసింది. అందరం చప్పట్లు కొట్టాం. తర్వాత కంప్యూటర్‌లో చూస్తే ఆ చెయ్యి ఒక్క ఫొటోలోనూ స్పష్టంగా లేదు. 55 దగ్గర ఆ 18-55 లెన్స్ ఎఫ్/5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు. ట్యూబ్‌లైట్ వెలుతురులో షట్టర్ వేగం 1/15 సెకనుకు పడిపోయింది, అంతసేపట్లో కదిలేది మసకబారుతుంది. లెన్సులో వీఆర్ (వణుకు తగ్గించే ఏర్పాటు) ఉందన్న ధైర్యంతో ఉన్నాను. వీఆర్ ఆపేది మన చేతి వణుకునే, కదిలే పిల్లని కాదు. ఆ ఫొటోలు పోయినందుకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఎఫ్/1.8 అంటే ఎఫ్/5.6 కన్నా దాదాపు పది రెట్ల వెలుతురు. అదే గదిలో షట్టర్ 1/150 దాకా వెళ్ళేది.

అది తెలిశాక నేను ఇంకో పొరపాటు చేశాను. చవకగా వస్తోందని ఒక షాపులో 50 ఎంఎం ఎఫ్/1.8డీ కొన్నాను. "నికాన్ లెన్సే కదా, పనిచేస్తుంది" అన్నారు. ఫొటో వస్తుంది కానీ ఆటోఫోకస్ లేదు. ఆ లెన్సులో మోటార్ ఉండదు, బాడీలో ఉండాలి. డీ3000, డీ5000 వరుసల బాడీల్లో ఆ మోటార్ లేదు, డీ7000 వరుసలో ఉంది. కాబట్టి నికాన్ తీసుకుంటే లెన్స్ మీద ఏఎఫ్-ఎస్ (లోపలే మోటార్ ఉన్నది) అని ఉందో లేదో చూడండి. ఏఎఫ్-పీ (ఇంకా కొత్త రకం మోటార్) అని ఉంటే డీ3100 లాంటి పాత బాడీల మీద ఫోకస్ కాదు.

చివరికి ఏఎఫ్-ఎస్ 35 ఎంఎం ఎఫ్/1.8జీ తీసుకున్నాను. ఈ కెమెరాల్లో సెన్సార్ (ఫొటోని పట్టే చిప్) ఫిల్మ్ ఫ్రేమ్ కన్నా చిన్నది కాబట్టి అది ఫిల్మ్ కెమెరాలో 52 ఎంఎంలా కనిపిస్తుంది, హాల్లో కూర్చుని పిల్లని తీయడానికి సరిగ్గా సరిపోతుంది. కానన్ అయితే అందరూ 50 ఎంఎం ఎఫ్/1.8 ఎస్‌టీఎం చెబుతారు. మంచి లెన్సే, కానీ ఆ బాడీల మీద 80లా ఉంటుంది, చిన్న గదిలో గోడకి ఆనుకున్నా పిల్ల మొత్తం ఫ్రేమ్‌లో పట్టడం కష్టం. గుళ్ళ కోసం 18-55 ఉంచుకోండి. సామర్లకోట భీమేశ్వరాలయం లాంటి చోట మండపం మొత్తం రావాలంటే 18 కావాల్సిందే.

బాడీ విషయానికొస్తే డీ3400, డీ5300, కానన్ 200డీ ఏదైనా సరే. నికాన్, కానన్ కొత్త మోడళ్ళన్నీ మిర్రర్‌లెస్‌లోనే (లోపల అద్దం లేని కెమెరాలు) వస్తున్నాయి కాబట్టి వీటి ధరలు దిగాయి. నికాన్‌లో షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా ఎన్ని ఫొటోలు తీశారన్న లెక్క) ఫొటో ఫైల్‌లోనే దొరుకుతుంది. ఎఫ్/16లో ఆకాశాన్ని ఒక ఫొటో తీస్తే సెన్సార్ మీద మచ్చలుంటే బయటపడతాయి.

సెకండ్ హ్యాండ్ లెన్సులో అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఫంగస్. వెనక నుంచి టార్చ్ వేసి చూడండి, సాలెగూడు దారాల్లా కనిపిస్తే ఎంత చవకైనా వదిలేయండి. నా 55-200 బ్యాగులో పెట్టి ఒక వానాకాలం బీరువాలో ఉంచితే అలాగే పాడైంది. సముద్రం పక్కన ఉండేవాళ్ళకి ఇది తప్పనిసరి పని: మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా, లోపల సిలికా జెల్, తేమ చూపించే చిన్న మీటర్. తేమ 40-50 శాతం మధ్య ఉండాలి. జెల్ రంగు మారగానే ఆరబెట్టడమో మార్చడమో చేయండి.

కొనే ముందు తెలిసినవాళ్ళ 18-55 అడిగి తెచ్చుకుని, 35 దగ్గర పెట్టి, జూమ్ ముట్టుకోకుండా పాప ఆడుకునే గదిలో ఒక సాయంత్రం తీసి చూడండి. ఇరుకుగా అనిపిస్తే కానన్‌లో 24 ఎంఎం ఎఫ్/2.8 ఉంది, వెలుతురు కాస్త తగ్గినా గది పడుతుంది.